కలొస్: ఒక ప్రాచీన గ్రీకు విశేషణాన్ని రూపాలతో, అర్థంతో సహా నేర్చుకునే పద్ధతి

ప్రాచీన గ్రీకు మొదలుపెట్టినవాళ్ళకు తొలి పాఠాల్లోనే తగిలే విశేషణం కలొస్. నిఘంటువు తెరిస్తే అందమైన, మంచి, శ్రేష్ఠమైన, గౌరవప్రదమైన, పనికొచ్చే, తగిన అని ఒకదాని కింద ఒకటి అర్థాలు కనిపిస్తాయి. వ్యాకరణం తెరిస్తే మూడు లింగాలు, మూడు వచనాలు, విభక్తులు. చాలామంది రూపాల పట్టిక చూసి భయపడతారు, అర్థం దగ్గర మాత్రం "అందమైన" అని రాసుకుని పేజీ తిప్పేస్తారు. నన్నడిగితే ఇది తలకిందుల వ్యవహారం. రూపాలు తెలుగువాళ్ళకు అంత కష్టం కాదు. ఆగి ఆలోచించాల్సింది అర్థం దగ్గరే. ఈ మార్గదర్శి ఆ లెక్కలోనే సాగుతుంది.

ఇక్కడ గ్రీకు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. గ్రీకు అక్షరమాల పక్కన పెట్టుకుని, ప్రతి రూపాన్నీ నోట్‌బుక్‌లో ఆ లిపిలోకి మార్చుకుంటూ చదవండి.

మొదటి మెట్టు: చెవిని సిద్ధం చేసుకోవడం

గ్రీకు లిపిలో ఎప్సిలాన్ అంటే హ్రస్వ ఎ, ఏటా అంటే దీర్ఘ ఏ. ఒమిక్రాన్ హ్రస్వ ఒ, ఒమేగా దీర్ఘ ఓ. ఆ చివరి రెండు పేర్లకు అర్థమే "చిన్న ఒ", "పెద్ద ఓ". ఇంగ్లీషులో గ్రీకు నేర్చుకునేవాళ్ళు ఈ తేడాను పనిగట్టుకుని సాధన చేయాలి. సంస్కృతంలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లేనే లేవు. మనకు ఈ నాలుగూ ఓనమాలతోనే వచ్చాయి. కలొస్ రూపాల్లో సగం చిక్కు ఈ హ్రస్వదీర్ఘాల్లోనే ఉంది కాబట్టి, తెలుగు లిపిలో రాస్తేనే అది విడిపోతుంది.

ఖ, థ, ఫ లను నిజమైన ఒత్తక్షరాలుగా పలకండి. ఫ అంటే "ఫలం"లో ఉండాల్సిన ఫ, "ఫ్యాన్"లోది కాదు. ప్రాచీన ఏథెన్సువాళ్ళు అలాగే పలికేవారు. ఉప్సిలాన్‌కు మాత్రం మన దగ్గర అక్షరం లేదు. పెదవులు గుండ్రంగా పెట్టి ఇ అనాలి. ఇక్కడ దాన్ని ఉ తోనే రాస్తాను.

అ, ఆ ల విషయంలో గ్రీకు లిపి మొండిచెయ్యి చూపిస్తుంది. ఆల్ఫా ఒక్కటే రెండింటికీ. ఈ ముక్క గుర్తుంచుకోండి, పద్యం దగ్గర అవసరం పడుతుంది.

ఇక స్వరం. వేదంలోని ఉదాత్తంలా ప్రాచీన గ్రీకులో ఒక అక్షరం మీద గొంతు పైకి లేస్తుంది. కలొస్‌లో అది ఎప్పుడూ చివరి అక్షరం మీదే. షష్ఠి, చతుర్థి రూపాల్లో అక్కడే లేచి దిగుతుంది. అంతకు మించి ఈ మాటకు స్వర నియమం లేదు.

రెండో మెట్టు: రూపాలు కట్టడం

ప్రాతిపదిక "కల్". దానికి ప్రత్యయాలు తగిలించడమే పని. గ్రీకులో విభక్తులు మనకన్నా తక్కువ. షష్ఠి రూపమే పంచమి పని కూడా చేస్తుంది. చతుర్థి రూపమే తృతీయ, సప్తమి పనులు మోస్తుంది.

పుంలింగ ఏకవచనం: ప్రథమ కలొస్, ద్వితీయ కలొన్, షష్ఠి కలూ, చతుర్థి కలోయ్, సంబోధన కలె.
పుంలింగ బహువచనం: కలొయ్, కలూస్, కలోన్, కలొయ్స్.

స్త్రీలింగ ఏకవచనం: కలే, కలేన్, కలేస్, కలేయ్. సంబోధన ప్రథమలాగే.
స్త్రీలింగ బహువచనం: కలై, కలాస్, కలోన్, కలైస్.

నపుంసక ఏకవచనం: ప్రథమ, ద్వితీయ, సంబోధన మూడూ కలొన్. మిగతావి పుంలింగంలాగే కలూ, కలోయ్.
నపుంసక బహువచనం: ప్రథమ, ద్వితీయ కల. తర్వాత కలోన్, కలొయ్స్.

ద్వివచనం కూడా ఉంది. పుంలింగ, నపుంసకాల్లో కలో, కలొయ్న్. స్త్రీలింగంలో కలా, కలైన్. కళ్ళు, చేతులు, జంట ఎడ్లు వంటివాటికి వాడతారు. మొదట్లో చూసి గుర్తుపడితే చాలు, కంఠస్థం తర్వాత చేసుకోవచ్చు.

ద్వివచనం పక్కన పెడితే మిగిలే వేర్వేరు రూపాలు 17. వాటిలో జంటల్ని పక్కపక్కన పెట్టి పైకి చదవండి. కలె అంటే "ఓ అందగాడా", కలే అంటే "అందమైన ఆమె". కలొన్ ఒకరిని, కలోన్ అనేకమందికి చెందినది. కలొయ్ అందమైనవాళ్ళు, కలోయ్ అందమైనవాడికి. తెలుగులో "కల" "కాల" వేరైనట్టే ఇక్కడా ఒక్క మాత్రతో విభక్తి మారిపోతుంది.

కలోయ్, కలేయ్ లలో చివరి "య్" తర్వాతి శతాబ్దాల్లో నోట్లోంచి జారిపోయింది. ఇవాళ్టి అచ్చు పుస్తకాల్లో అది అక్షరం కింద చిన్న గీతగా మిగిలింది. అందుకే కొందరు ఉపాధ్యాయులు కలో, కలే అనే పలుకుతారు. చదివేటప్పుడు మాత్రం ఆ కింది గీతను వదిలేయకండి. "కు" ప్రత్యయం మొత్తం అందులోనే ఉంది.

బళ్ళో సంస్కృతం రెండో భాషగా తీసుకుని "రామః రామౌ రామాః" వల్లించినవాళ్ళకు ఇంకో సుళువు ఉంది. సంస్కృత "అస్" ఇక్కడ "ఒస్", "అమ్" ఇక్కడ "ఒన్". నపుంసకంలో ప్రథమా ద్వితీయా ఒకటే కావడం "ఫలమ్"లో చూసినదే. రెండు భాషలూ ఒకే మూలభాష నుంచి వచ్చాయి కాబట్టి ఈ పోలిక కాకతాళీయం కాదు.

కంఠస్థం చేయడానికి నేను చెప్పేది ఒకే పద్ధతి. విశేషణాన్ని ఒంటరిగా వల్లించకండి, ముందు ఆర్టికల్ (ఇంగ్లీషు "ది" లాంటి మాట, గ్రీకులో ఇదీ లింగవచన విభక్తులతో మారుతుంది) తగిలించండి. హొ కలొస్, తొన్ కలొన్, తూ కలూ, తోయ్ కలోయ్. హే కలే, తేన్ కలేన్, తేస్ కలేస్, తేయ్ కలేయ్. తొ కలొన్. బహువచనంలో హొయ్ కలొయ్, తూస్ కలూస్, తోన్ కలోన్, తొయ్స్ కలొయ్స్, హై కలై, తాస్ కలాస్, తైస్ కలైస్, త కల. అంత్యప్రాస దానంతటదే పడుతుంది. గ్రీకులో అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే ఆర్టికల్ కూడా ఇందులోనే వచ్చేస్తుంది.

ఈ అచ్చులోనే పోసిన విశేషణాలు బోలెడు: అగథొస్ (మంచి), కకొస్ (చెడ్డ), సొఫొస్ (తెలివైన), ఖలెపొస్ (కష్టమైన). ప్రత్యయానికి ముందు ఎ, ఇ, ర్ లలో ఏదైనా ఉంటే ఏథెన్సు మాండలికంలో స్త్రీలింగ ఏకవచనంలో ఏ బదులు ఆ వస్తుంది. మిక్రొస్ (చిన్న) నుంచి మిక్రా, నెఒస్ (కొత్త) నుంచి నెఆ. "అ" అనే నిషేధం ముందు చేరిన అదికొస్ (అన్యాయమైన) వంటి సమాసాలకు స్త్రీలింగ రూపం విడిగా ఉండదు. హే అదికొస్ అనేస్తారు.

మూడో మెట్టు: విశేష్యంతో జత కలపడం

"మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఇళ్ళు." తెలుగు విశేషణం కదలదు. అందుకే గ్రీకు విశేషణం లింగవచన విభక్తులతో మారుతుందంటే వింతగా అనిపిస్తుంది. కానీ విశేష్యం తీసేసి చూడండి: మంచివాడు, మంచిది, మంచివాళ్ళు, మంచివి, మంచివాణ్ణి, మంచిదానికి. మనమూ మారుస్తున్నాం. గ్రీకువాళ్ళు ఈ మార్పును విశేష్యం పక్కనున్నా చేస్తారు, అంతే.

లింగం, వచనం, విభక్తి మూడూ విశేష్యంతో కలవాలి. శబ్దం కలవాలని ఎక్కడా లేదు. ఇక్కడే కొత్తవాళ్ళు పొరపడతారు. హొదొస్ (దారి) చూడ్డానికి పుంలింగంలా ఉన్నా స్త్రీలింగం, కాబట్టి హే కలే హొదొస్. పొయేతేస్ (కవి) చివర "ఏస్" ఉన్నా పుంలింగం, కాబట్టి హొ కలొస్ పొయేతేస్. హిప్పొస్ (గుర్రం) మగదైతే హొ కలొస్ హిప్పొస్, ఆడదైతే హే కలే హిప్పొస్. గుర్రం మాట మారలేదు. లింగం చెప్పే భారమంతా ఆర్టికల్, విశేషణం మోశాయి. కాబట్టి ప్రతి నామవాచకాన్నీ ఆర్టికల్‌తో కలిపే నేర్చుకోండి.

నపుంసక బహువచనానికి క్రియ ఏకవచనంలో ఉంటుంది. "త కల" కర్తగా వస్తే క్రియ "ఉన్నాయి" అని కాకుండా "ఉంది" అన్నట్టు ఉంటుంది. గ్రీకువాడికి అది వస్తువుల గుంపు, ఒక ముద్ద.

నాలుగో మెట్టు: ఎక్కడ నిలబడిందో చూడటం

ఆర్టికల్‌కు, నామవాచకానికి మధ్య విశేషణం ఉంటే అది విశేషణమే: హొ కలొస్ పైస్, "అందమైన కుర్రాడు". ఆర్టికల్‌ను రెండోసారి చెప్పినా అదే అర్థం: హొ పైస్ హొ కలొస్. యోహాను సువార్త 10వ అధ్యాయంలోని "మంచి కాపరి" మూలంలో ఇలాగే ఉంది: హొ పొయ్మేన్ హొ కలొస్.

విశేషణానికి ముందు ఆర్టికల్ లేకుండా అది బయట నిలబడితే వాక్యమైపోతుంది. హొ పైస్ కలొస్, లేదా కలొస్ హొ పైస్: "కుర్రాడు అందగాడు". క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళు "ఈజ్" ఎక్కడుందని వెతుక్కుంటారు. మనకు "ఆమె డాక్టరు", "ఇల్లు పెద్దది" అనే వాక్యాల్లో క్రియ ఎప్పుడూ లేదు కాబట్టి ఇది పాఠంలా కూడా అనిపించదు.

ఈ చిన్న వాక్యాన్ని మ్యూజియంలో మీ కళ్ళతో చదవొచ్చు. క్రీ.పూ. 6వ శతాబ్దం చివర, 5వ శతాబ్దంలో ఏథెన్సు కుండల మీద బొమ్మల పక్కన "హొ పైస్ కలొస్" అని రాసేవారు. కొన్నిటి మీద పేరే ఉంటుంది: "లెయగ్రొస్ కలొస్". క్రీ.పూ. 510-500 ప్రాంతాల కుండల మీద, యూఫ్రొనియొస్ అనే గొప్ప చిత్రకారుడి పనుల మీద కూడా, ఈ పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఆ కుర్రాడు తర్వాత ఏథెన్సు సేనాని అయ్యాడు.

కుండ మీద చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. అక్షరాలు కొన్నిసార్లు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. రెండోది, ఆనాటి ఏథెన్సు పాత లిపిలో ఏటా, ఒమేగా లేవు. ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ రెండింటికీ ఒకటే. కాబట్టి స్త్రీ బొమ్మ పక్కన "కలె" అని ఉన్నట్టు కనిపిస్తే అది సంబోధన కాదు, "కలే". ఏథెన్సు అధికారికంగా అయోనియా (ఈజియన్ తూర్పు తీరంలోని గ్రీకు ప్రాంతం) లిపికి మారింది క్రీ.పూ. 403లో. అంతకుముందు రాసినవాటిలో హ్రస్వదీర్ఘాల్ని సందర్భాన్ని బట్టి పాఠకుడే సరిచేసుకోవాలి.

ఐదో మెట్టు: విశేష్యం లేకుండా చదవడం

ఆర్టికల్ ఉండి నామవాచకం లేకపోతే విశేషణమే నామవాచకం. హొ కలొస్ అందగాడు, హే కలే అందగత్తె, హొయ్ కలొయ్ అందమైనవాళ్ళు, త కల అందమైనవి లేక మంచి పనులు. తెలుగులో వాడు, ది, వాళ్ళు, వి తగిలించుకోండి, సరిపోతుంది.

పెలెయుస్, థెతిస్‌ల పెళ్ళిలో కలహదేవత ఎరిస్ విసిరిన బంగారు ఆపిల్ కథ తెలుసు కదా. దాని మీద రాసిన మాటగా ఎక్కువ ప్రచారంలో ఉన్నది "తేయ్ కల్లిస్తేయ్", అంటే "అందరికన్నా అందగత్తెకు". క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత లూకియన్ మాత్రం ఇంకోలా రాశాడు: "హే కలే లబెతో", "అందగత్తె తీసుకోవాలి". నాకు లూకియన్‌దే నచ్చుతుంది. అందులో "అందరికన్నా" అనే మాటే లేదు. అందగత్తె అంటే నేనేగా అని ముగ్గురు దేవతలూ అనుకోవడానికి అది చాలు.

నపుంసకంలో తొ కలొన్ అంటే "అందమైనది", "ఉదాత్తమైనది". తత్త్వశాస్త్రంలో ఇది పెద్ద మాట. దీనికి మళ్ళీ వద్దాం.

ఆరో మెట్టు: కంటె, అందరికన్నా

మామూలు గ్రీకు విశేషణాలు పోల్చేటప్పుడు తెరొస్, తతొస్ ప్రత్యయాలు తీసుకుంటాయి (సంస్కృత తర, తమ లతో పోల్చుకోండి). కలొస్ ఆ దారిన పోదు. దాని రూపాలు:

పోలిక: పుంస్త్రీలింగాలకు కల్లీఓన్, నపుంసకానికి కల్లీఒన్.
అత్యున్నతం: కల్లిస్తొస్, కల్లిస్తే, కల్లిస్తొన్.

"ల్" రెట్టింపు కావడం గమనించండి. "అందం" అనే నామవాచకం కల్లొస్‌లోనూ అదే ద్విత్వం. సమాసాల మొదట వచ్చేది కూడా ఎక్కువగా "కల్లి": కల్లియొపే (మధుర కంఠం గల కావ్యదేవత), మన పత్రికల్లో రాసే కాలిగ్రఫీ. కలైడోస్కోప్‌లో మాత్రం ఒకే "ల్", ఎందుకంటే డేవిడ్ బ్రూస్టర్ 1817లో ఆ పేరు కట్టినప్పుడు కలొస్, ఎయ్దొస్ (రూపం) అనే మాటలు తీసుకున్నాడు.

కల్లిస్తొస్ రూపాలు కలొస్ పట్టికలోవే. స్వరం మాత్రం చివరి అక్షరాన్ని వదిలి ముందుకు జరుగుతుంది: కల్లిస్తొస్‌లో మొదటి అక్షరం మీద, కల్లిస్తేలో మధ్య అక్షరం మీద. కల్లీఓన్ వేరే పట్టిక: ద్వితీయ కల్లీఒన, షష్ఠి కల్లీఒనొస్, చతుర్థి కల్లీఒని, బహువచన ప్రథమ కల్లీఒనెస్. ద్వితీయకు కల్లీఓ, బహువచన ప్రథమా ద్వితీయలకు కల్లీఊస్ అనే కుదించిన రూపాలూ ఉన్నాయి. ఏథెన్సు రచయితల్లో ఇవి తరచూ తగులుతాయి.

"కంటె" అనడానికి షష్ఠి వాడతారు. పంచమి పని కూడా షష్ఠే చేస్తుందని పైన అన్నాను కదా. మన వ్యాకరణంలో "వలనన్, కంటెన్, పట్టి" పంచమీ విభక్తి. గ్రీకు విద్యార్థులు వింతపడే ఈ షష్ఠి మనకు పాత చుట్టమే. "హే థుగతేర్ కల్లీఓన్ తేస్ మేత్రొస్" అంటే "కూతురు తల్లికంటె అందగత్తె".

ఈజియన్ సముద్రంలోని థేరా దీవిని, ఇప్పుడు సాంతొరీని అని పర్యాటకులు ఎగబడే చోటును, ఒకప్పుడు కల్లిస్తే అనేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొదొతస్ రాశాడు. దీవి అనే మాట నేసొస్ స్త్రీలింగం కాబట్టి పేరూ స్త్రీలింగమే.

ఏడో మెట్టు: క్రియావిశేషణం

బహువచన షష్ఠి కలోన్ తీసుకుని చివరి న్ బదులు స్ పెట్టండి: కలోస్, "బాగా". విశేషణం కలొస్, క్రియావిశేషణం కలోస్. ఒక్క మాత్ర తేడా. నేటి గ్రీకు ఉచ్చారణలో హ్రస్వదీర్ఘ భేదం పోయింది కాబట్టి ఆ పద్ధతిలో ప్రాచీన గ్రీకు చదివేవాళ్ళకు ఈ రెండూ చెవికి ఒకటే. "ఇంకా బాగా" అనడానికి కల్లీఒన్, "అన్నిటికన్నా బాగా" అనడానికి బహువచన రూపం కల్లిస్త.

"కలోస్ ఎఖెయ్" అనే పలుకుబడి ముందే పట్టుకోండి. ఎఖెయ్ అంటే మామూలుగా "కలిగి ఉంది". క్రియావిశేషణంతో వస్తే "ఆ స్థితిలో ఉంది". మొత్తం మీద "బాగానే ఉంది".

కలోస్‌కు ఇంకో ముచ్చటైన వాడుక ఉంది. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే మర్యాదగా వద్దనడానికీ ఇదే మాట. క్రీ.పూ. 405లో ఆడిన అరిస్తొఫనేస్ నాటకం "కప్పలు"లో క్సన్థియస్ అనే సేవకుణ్ణి విందుకు పిలిస్తే "కల్లిస్త" అని, పైన ఒక మెప్పు మాట కలిపి తప్పించుకోబోతాడు. మనం "పర్లేదండీ" అంటే వడ్డించమనా, వద్దనా? అదీ అంతే, ముఖం చూసి తెలుసుకోవాలి.

ఎనిమిదో మెట్టు: అర్థం తేల్చుకోవడం

అసలు పని ఇక్కడుంది. వాక్యంలో కలొస్ కనపడగానే "అందమైన" అని రాసేయకుండా, పక్కన ఏముందో చూడండి.

మనిషి, శరీరం, బట్టలు, ఆభరణాలు అయితే అందం. హోమర్‌లో ఎక్కువగా ఇదే. పనిముట్టు, రేవు, సమయం, స్థలం అయితే "అనువైన". క్రీటు దక్షిణ తీరంలో కలొయ్ లిమెనెస్ అనే రేవు ఉంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ అక్కడ ఆగుతుంది. తెలుగు బైబిల్ దాన్ని "మంచిరేవులు" అంది. గాలికి ఓడ నిలిచే చోటన్నమాట, చూడ్డానికి ముచ్చటైన రేవని కాదు. పని, ప్రవర్తన, చావు అయితే "గౌరవప్రదమైన". యుద్ధంలో నిలబడి చావడం కలొన్, పారిపోవడం ఐస్ఖ్రొన్.

ఈ ఐస్ఖ్రొస్ అన్నది వ్యతిరేక పదం. వికారమైన, సిగ్గుచేటైన అనే రెండు అర్థాలూ దానికి ఉన్నాయి. ఒక పేరాలో కలొస్ అర్థం తేలకపోతే చుట్టుపక్కల ఐస్ఖ్రొస్ ఉందేమో వెతకండి. ఉంటే అక్కడ మాట్లాడుతున్నది ముఖం గురించా, పరువు గురించా అన్నది తెలిసిపోతుంది.

"పనికొచ్చేదే అందం" అనే కోణాన్ని సోక్రటీస్ శిష్యుడు క్సెనొఫోన్ తన "విందు"లో ఒక వేళాకోళంగా మలిచాడు. ఐదో అధ్యాయంలో అందగాడైన యువకుడు క్రితొబూలొస్‌తో సోక్రటీస్ అందాల పోటీకి దిగుతాడు. సోక్రటీస్‌వి ఉబ్బిన కళ్ళు, చప్పిడి ముక్కు. ముందు అతను అమాయకంగా ఒక ప్రశ్న వేస్తాడు: అందం మనుషుల్లోనే ఉందా, మిగతావాటిలోనూ ఉందా? గుర్రంలో, ఎద్దులో, డాలులో, కత్తిలో, ఈటెలో కూడా ఉందంటాడు కుర్రాడు. ఒకదానితో ఒకటి పోలికే లేని ఇవన్నీ ఎలా అందమైనవయ్యాయి? మనం దేనికోసం సంపాదించుకున్నామో దానికి చక్కగా అమరి ఉంటే అవీ కల అని జవాబు.

అక్కడితో కుర్రాడు బుట్టలో పడ్డాడు. కళ్ళెందుకు? చూడ్డానికి. నీ కళ్ళు ఎదురుగా మాత్రమే చూస్తాయి, నావి ఉబ్బి ఉన్నాయి కాబట్టి పక్కలకూ చూస్తాయి, కనుక నావే కల్లీఒనెస్. అలాగైతే జంతువుల్లో పీత కళ్ళే గొప్పవన్నమాట అంటాడు కుర్రాడు. ముమ్మాటికీ అంటాడు సోక్రటీస్. ముక్కు సంగతీ అంతే: నీ ముక్కు రంధ్రాలు నేలను చూస్తున్నాయి, నావి తెరుచుకుని అన్ని వైపుల వాసనలూ పడతాయి. చివరికి ఓట్లు లెక్కపెడితే అన్నీ క్రితొబూలొస్‌కే పడ్డాయి. తర్కం ఎటు తిప్పినా కలొస్ అనగానే జనం మనసులో మొదట మెదిలేది కంటికి కనిపించే అందమే. రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి కాబట్టే ఈ హాస్యం నిలబడింది. తెలుగులోకి "అందమైన" అని అనువదిస్తే డాలు దగ్గర అతకదు, "మంచి" అంటే ముక్కు దగ్గర చప్పబడుతుంది. నేనైతే "బాగున్న" అని వాడతాను. బాగున్న అమ్మాయి, బాగున్న కత్తి, రెండూ నడుస్తాయి.

ఇదే ప్రశ్నను ప్లేటో "పెద్ద హిప్పియస్" సంభాషణ సూటిగా వేస్తుంది: తొ కలొన్ అంటే ఏమిటి? హిప్పియస్ ఇచ్చే మొదటి జవాబును వ్యాకరణం తెలిసినవాళ్ళు తప్పక చూడాలి: "పర్థెనొస్ కలే కలొన్". అందమైన కన్య (పర్థెనొస్ స్త్రీలింగం, కాబట్టి కలే) అందమైనది (నపుంసకం, కలొన్). ఒకే విశేషణం పక్కపక్కనే రెండు లింగాల్లో రెండు పనులు చేసింది. మొదటిది ఆ కన్యను వర్ణించింది, రెండోది "అందమైన వస్తువు" అనే వర్గంలో పడేసింది. సోక్రటీస్ వదలడు. అయితే అందమైన ఆడగుర్రం? అందమైన లురా వాద్యం? నున్నగా, రెండు చెవులతో, చక్కగా కాల్చిన కుండ? ఇవన్నీ స్త్రీలింగమే కాబట్టి ప్రతిసారీ కలే అనే వస్తుంది. కుండ మాట ఎత్తగానే ఇంత పెద్ద చర్చలో ఇంత నీచమైన మాటా అని హిప్పియస్ చిరాకుపడతాడు. చారు కలపడానికి బంగారు గరిటె తగినదా, అత్తి కర్ర గరిటె తగినదా అనే దాకా వెళ్తుంది వాదన. చివరికి ఏదీ తేలదు. "ఖలెప త కల" అనే సామెతతో ముగుస్తుంది: మంచివి కష్టమైనవి. ఆర్టికల్ త కల కే ఉంది, ఖలెప బయట నిలబడింది. నాలుగో మెట్టు గుర్తుందిగా.

కలొస్ ఒంటరిగా కాక అగథొస్‌తో జంటగా వస్తే అర్థం మళ్ళీ మారుతుంది. కలొస్ కై అగథొస్ కలిసి సంధిలో కలొస్ కాగథొస్ అవుతుంది. పెద్దమనిషి, మర్యాదస్థుడు, అన్ని విధాలా ఉండాల్సినట్టున్న పౌరుడు. ఏథెన్సు సంపన్న కుటుంబాలవాళ్ళు తమను తాము చెప్పుకునే మాట కూడా. క్సెనొఫోన్ ఇంకో రచనలో సోక్రటీస్ ఈ జంట మాట విని, అందగాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి వాళ్ళలో అగథొస్ తగులుకుని ఉందేమో చూశానని, కొందరి ముఖాలు చక్కగా ఉన్నా మనసులు చెడ్డవని తేలిందని చెబుతాడు. రూపాల్లో రెండూ కలిసి నడుస్తాయి: బహువచనం కలొయ్ కాగథొయ్, ద్వితీయ కలొన్ కాగథొన్.

కాలం కూడా చూసుకోండి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో మొదలైన పాత నిబంధన గ్రీకు అనువాదంలో దేవుడు వెలుగును చూసి అది కలొన్ అనుకుంటాడు. వెలుగు (ఫోస్) నపుంసకం. తెలుగు బైబిల్‌లో "మంచిదైనట్టు". కొత్త నిబంధనలోనూ "మంచి" వైపే మొగ్గు. నేటి గ్రీకులో కలొస్ అంటే పూర్తిగా "మంచి"యే, పొద్దున పలకరింపు కలిమెరా అందులోంచి వచ్చిందే. అందానికి వాళ్ళిప్పుడు వేరే మాటలు వాడుకుంటున్నారు. కాబట్టి నేటి గ్రీకు నుంచి వచ్చినవాళ్ళు ప్లేటోలో "మంచి" అని, ప్లేటో నుంచి వచ్చినవాళ్ళు సువార్తల్లో "అందమైన" అని చదివే ప్రమాదం ఉంది.

తొమ్మిదో మెట్టు: పద్యంలో కా, క

హోమర్‌లో ఈ మాట కాలొస్, మొదటి అక్షరం గురువు. ఏథెన్సులో కలొస్, లఘువు. కారణం పాత రూపంలో ఉంది: కల్వొస్. బొయోతియా ప్రాంతపు పాత శాసనాల్లో ఆ "వ" కనిపిస్తుంది. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువని మన ఛందస్సులో చదువుకున్నదే. "వ" రాలిపోయినప్పుడు అయోనియావాళ్ళు క ను కా చేసి ఆ గురువును నిలుపుకున్నారు, ఏథెన్సువాళ్ళు పోనిచ్చారు. తర్వాతి కవులకు రెండూ చేతికి అందాయి. లిపిలో ఆల్ఫా ఒక్కటే కాబట్టి ఏది ఎక్కడో గణాలు విడదీసే తేల్చాలి.

క్రీ.పూ. 3వ శతాబ్దపు థెయొక్రితొస్ ఆరో గీతంలో ఒంటికన్ను రాక్షసుడు పొలుఫామొస్‌తో ఒక కాపరి అనే మాట: ప్రేమకు తరచూ అందం కానివి అందంగా కనిపిస్తాయి. గణాలుగా విడదీస్తే:

పొల్లకి | సోపొలు | ఫామెత | మేకల | కాలపె | ఫన్తై

ఐదు భగణాలు, చివర రెండు గురువులు. "త మే కల" అంటే అందం కానివి, "కాల" అంటే అందమైనవి, "పెఫన్తై" అంటే కనిపిస్తుంది. (గొర్రెలు కాచేవాడి పద్యంలో "మేకల" అని వినపడటం మన చెవికి దక్కిన అదనపు సరదా.) అదే మాట, అదే రూపం, ఒకసారి లఘువుతో ఒకసారి గురువుతో, పక్కపక్కనే. క్రియ ఏకవచనంలో ఉండటం మూడో మెట్టులో చెప్పిన నియమం.

సాధన

కింది ఐదింటికీ లింగం, వచనం, విభక్తి చెప్పి, తెలుగు చేయండి. జవాబులు చూడకముందు గ్రీకు లిపిలో రాయండి.

1. తూస్ కలూస్ హిప్పూస్
2. తేయ్ కలేయ్ హొదోయ్
3. కల త దోర (దోరొన్: కానుక)
4. హొయ్ కలొయ్ కలోస్ లెగూసి (లెగూసి: మాట్లాడతారు)
5. తోన్ కలోన్ గునైకోన్ (గునే: స్త్రీ)

మొదటిది పుంలింగ బహువచన ద్వితీయ, "అందమైన గుర్రాలను". రెండోది స్త్రీలింగ ఏకవచన చతుర్థి, "మంచి దారికి" లేదా సందర్భాన్ని బట్టి "మంచి దారిలో". హొదోయ్‌ను చూసి కలోయ్ అని రాసినవాళ్ళు మూడో మెట్టు మళ్ళీ చదవాలి. మూడోది వాక్యం: కానుకలు అందమైనవి. నాలుగోదానిలో కలొయ్ కర్త, కలోస్ క్రియావిశేషణం: అందగాళ్ళు బాగా మాట్లాడతారు. ఐదోది బహువచన షష్ఠి. లింగం కలోన్ చెప్పదు, గునైకోన్ చెబుతుంది: అందమైన స్త్రీల యొక్క.